చెక్కపెట్టెకు తుప్పు

వియ్యంకుడి ఇంట్లో మూడు వారాలు ఉండాల్సి వస్తుందని తెలిసినప్పుడే మేస్త్రికి సగం జ్వరం వచ్చింది. భార్య కంట్లో శుక్లం ముదిరింది. మంచి కంటి ఆసుపత్రి కూతురుండే ఊళ్లోనే ఉంది. ఆపరేషన్ అయ్యాక వారం వారం చూపించుకోవాలి, రోజుకు ఆరుసార్లు చుక్కలు వేయించుకోవాలి. "లాడ్జిలో దిగుదాం" అన్నాడు మేస్త్రి. ఆవిడ ఆ మాట చెవిన పడనట్టే బట్టలు సర్దేసింది.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు, రంగుల మేస్త్రి. అలాగని గోడలకు రంగులేసేవాళ్ల జాబితాలో చేరిస్తే కొట్టడానికి వస్తాడు. నారో గేజ్ రైలు పెట్టెలు తయారయ్యే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, ఆ లైను మూసేసిన ఏడాదే రిటైరయ్యాడు. పెద్ద రైళ్లంటే అతనికి చిన్నచూపు. అవి ఇనప డబ్బాలు, వాటి మీద రంగు చిమ్మేది యంత్రం. చిన్నబండి పెట్టె అలా కాదు, టేకు పలకలు. పలక పలకకీ లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, కుంచెతో రంగెయ్యాలి. కింది సగం ముదురాకుపచ్చ, పై సగం మీగడ రంగు, రెంటికీ మధ్య చిటికెనవేలు మందాన పసుపు గీత. ఆ గీతను బద్ద ఆనించకుండా ఈ కొసనుంచి ఆ కొసకు లాగగలిగినవాడు షాపు మొత్తం మీద తనొక్కడే. ఈ సంగతి తను చెప్పకపోతే లోకానికి తెలియకుండా పోతుందని బెంగ కాబోలు, కనపడ్డవాడికల్లా చెప్పేవాడు.

అలాంటి మనిషికి దొరికిన వియ్యంకుడు ఇన్సూరెన్స్ కంపెనీలో ఆఫీసరు. ఆయనా రిటైరయ్యాడు. రిటైరై, మేడమీద గదిలో బొమ్మ రైళ్లు నడుపుకుంటున్నాడు. భార్య పోయిన మూడో నెలకే వాళ్లిద్దరూ పడుకునే గదిలోంచి మంచం తీసేసి పట్టాలు పరిచాడట. పెళ్లై ఆ ఇంటికి వచ్చిన కూతురు ఈ ముక్క ఫోన్లో చెప్పిన రోజున మేస్త్రి "నా బిడ్డను ఎక్కడ పడేశానురా" అని తల పట్టుకున్నాడు. అల్లుడు బుద్ధిమంతుడు కాబట్టి సరిపోయింది.

ఆపరేషన్ అయ్యి ఆసుపత్రినుంచి వచ్చి దిగిన సాయంత్రమే వియ్యంకుడు వదల్లేదు.

"రండి బావగారూ. మీరు చూసి తీరాలి. ఒకరకంగా మీ సొత్తే ఇది" అంటూ పైకి తీసుకెళ్లాడు.

గదిలో గోడల వెంబడి నడుమెత్తు బల్ల చుట్టూ తిరిగి ఉంది. మధ్యలో నలుగురైదుగురు ఇరుక్కుని నిలబడేంత జాగా. అక్కడికి చేరాలంటే బల్ల కిందనుంచి దూరాలి. అరవై ఆరేళ్ల ఆఫీసరుగారు మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి అవతల తేలాడు. మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఒకరి ఆటకోసం పాకాల్సిన ఖర్మ తనకింకా పట్టలేదు.

బల్లమీద అట్టకొండలు, రంపపుపొట్టు గడ్డి, అగ్గిపెట్టెలంత ఇళ్లు. స్టేషను ముందు ఏడు పెట్టెలు వరసగా ఆగి ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేంత.

"కంపెనీవాడు వీటికి ఎర్రరంగు వేసి అమ్ముతాడండీ. ఎక్కడిదో వేరే లైను పెట్టెలవి. ఆ రంగంతా ఊడగొట్టి, మెట్లు మార్చి, కిటికీలకు రెక్కలు పెట్టి, మీ లైను పెట్టెల్లా చేశాను. ఒక్కోదానికి నెల పట్టింది." ఒక పెట్టెను రెండు వేళ్లతో ఎత్తి, పసిపిల్లను ఇచ్చినట్టు మేస్త్రి చేతిలో పెట్టాడు. భూతద్దం కూడా అందించాడు.

మేస్త్రి చూశాడు. మొదట కంట్లో పడింది ఆకుపచ్చ. ముదురాకుపచ్చ అట అది! వారంరోజులు విరేచనాలు పట్టినవాడి మొహంలా పాలిపోయి ఉంది. ఆ తర్వాత కిటికీల కింద, కప్పు అంచుల వెంబడి గోధుమరంగు చారలు కనిపించాయి.

"ఇవేంటండీ?"

"తుప్పు." వియ్యంకుడి గొంతులో గర్వం దాగలేదు. "కొత్త పెట్టెలా ఉంటే బొమ్మలా ఉంటుంది. ఏళ్లతరబడి వానకు తడిసినట్టు ఉండాలి. ఈ తుప్పు చూసే పోయినేడాది మా బొమ్మరైళ్ల సంఘంవాళ్లు నాకు బహుమతి కప్పు ఇచ్చారు."

మేస్త్రికి నవ్వు బొడ్డుదగ్గర పుట్టి గొంతుదాకా వచ్చింది. పళ్లు బిగపట్టి మింగేశాడు. టేకు చెక్కకు తుప్పు! పైకప్పు మీద కాన్వాసు గుడ్డ పరిచి తెల్లటి సఫేదా రంగు పూస్తారు, ఆ గుడ్డకూ తుప్పే! ఏడు పెట్టెలకూ తుప్పు పట్టించి, దాన్ని మెచ్చుకునే మందను పోగేసి, కప్పు కూడా పుచ్చుకున్నాడు ఈ మహానుభావుడు.

"బాగుందండీ బావగారూ. తుప్పు చాలా బాగా పట్టింది" అన్నాడు.

కిందికొచ్చి భార్య కంట్లో చుక్కలు వేశాడు. వేశాక అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కదలకుండా పడుకోమని డాక్టరమ్మ చెప్పింది. పారిపోలేని శ్రోత దొరికింది మేస్త్రికి.

"చెక్కకి తుప్పు పట్టిందే!" అన్నాడు గుసగుసగా, భుజాలు ఎగరేస్తూ. "చెక్కకి! రేపు గుమ్మడికాయకి చెదలు పట్టిస్తాడు."

"ఆయనకా సంగతి చెప్పారా?"

"నేనెందుకు చెప్తాను? ఆఫీసరుగారు కదా, ఆయనకు తెలియదూ?"

"మరి ఏమన్నారు?"

"బాగుందన్నాను."

ఆవిడ కళ్లు తెరవకుండానే నిట్టూర్చింది. మేస్త్రి పట్టించుకోలేదు. ఆ రోజునుంచి చుక్కల వేళ అయిందంటే చాలు, వియ్యంకుడి మీద ఒక కొత్త చమత్కారం తయారుగా ఉండేది. ఆయన అన్నం తినే తీరు, మాట మధ్యలో కళ్లద్దాలు తుడిచే తీరు, పట్టకారుతో బుల్లి స్టేషనుమాస్టరుకు టోపీ పెట్టే తీరు, ఏదీ వదల్లేదు. "పెళ్లాం పోతే ఎవరన్నా ఏడుస్తారు. ఈయన రైలు కొనుక్కున్నాడు" అన్నాడొకసారి.

"ఆ గదిలో మరేం పెట్టుకోవాలి ఆయన?" అంది భార్య.

మేస్త్రి మందుసీసా మూత బిగించి లేచిపోయాడు.

ఆదివారం సంఘంవాళ్లు వచ్చారు. నలుగురు. వాళ్లలో పెద్ద గొంతు పళ్లడాక్టరుది. నలుగురూ పొట్టలు ఊపిరి బిగించి లోపలికి లాక్కుని, బల్ల కిందనుంచి పాకి మధ్య జాగాలో నిలబడ్డారు. దొడ్డిలో గొర్రెల్లా ఉన్నారనుకున్నాడు మేస్త్రి. వియ్యంకుడు అతన్ని చూపించి "మా బావగారు. ఈ పెట్టెల అసలువాటికి రంగేసిన చెయ్యి ఇదే" అన్నాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత, మేస్త్రి నోరు తెరిచే లోపలే, అతని రైలు గురించి అతనికే చెప్పడం మొదలుపెట్టారు. ఏ ఏడు ఎన్ని పెట్టెలుండేవో, ఏ ఇంజను ఎన్ని టన్నులో, అన్నీ నోటికొచ్చు వాళ్లకు. ఒక్కడూ ఆ బండి ఎక్కిన పాపాన పోలేదు.

పళ్లడాక్టరు భూతద్దం పెట్టుకుని "ఈ తుప్పు చూడండి, అబ్బ!" అన్నాడు. "నోరూరుతోంది."

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గు నటించాడు. తుప్పు మాట ఎత్తదల్చుకోలేదు. అది అతని సొంత ఖజానా. కానీ ఊరుకోనూలేకపోయాడు.

"ఆకుపచ్చ మాత్రం ఇది కాదండీ" అన్నాడు. "మాది ఇంతకు నాలుగింతలు ముదురు. నేనే కలిపేవాణ్ణి. రోజూ."

పళ్లడాక్టరు జాలిగా నవ్వాడు. పన్ను పీకే ముందు నవ్వే నవ్వు. "తప్పుగా అనుకోకండి సార్. రంగుల విషయంలో మనిషి జ్ఞాపకం నమ్మదగింది కాదు. దీనిమీద పరిశోధనలున్నాయి. పాత సంగతులు మనకు ఎప్పుడూ ముదురుగానే గుర్తుంటాయి."

మిగతావాళ్లు తలలూపారు. వియ్యంకుడు ఏదో చెప్పబోయాడు గానీ, అప్పటికే మేస్త్రి గది దాటి మెట్లు దిగుతున్నాడు. ముప్పై నాలుగేళ్లు గోళ్లసందుల్లో ఇంకిన రంగు నీకు గుర్తులేదు పొమ్మంటాడా, ఎదటివాడి నోట్లో వేళ్లు పెట్టి బతికేవాడు!

గురువారం వియ్యంకుడు సంఘం పనిమీద పొరుగూరు వెళ్లాడు. శనివారం సాయంత్రానికి తిరిగొస్తాడు. వచ్చేనెల పెద్ద ప్రదర్శన ఉందట, దానికి ఏర్పాట్లు. మేస్త్రి ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి మేడెక్కాడు. గుమ్మం పక్కనున్న అల్మారాలో ఎనిమిదో పెట్టె ఉందని అతనికి తెలుసు. కంపెనీ రంగు ఊడగొట్టి, మెట్లు, రెక్కలు అతికించి, రంగుకు సిద్ధంగా ఉంచింది.

"నాన్నా, మామయ్యగారి వస్తువు ముట్టుకోకు" అంది మెట్లదగ్గర ఎదురైన కూతురు. "ఆ గదిలో చీపురు కూడా ఎవర్నీ పెట్టనివ్వరు. నేనూ అడక్కుండా పెట్టను."

"ముట్టుకోవడం కాదే. నేర్పిస్తున్నాను. అసలైన పని ఎలా ఉంటుందో ఆ గొర్రెలమంద ఒకసారి చూడాలి."

"ఎవరు అడిగారు నిన్ను?"

"అడిగి నేర్చుకునే బుద్ధే ఉంటే వాళ్లు అలా ఎందుకుంటారు?"

బజారుకెళ్లి నాలుగు బుల్లి ఎనామిల్ డబ్బాలు, దుకాణంలో ఉన్నవాటిల్లో సన్నకుంచె, టర్పెంటైన్ కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చలో కాస్త నలుపు, గోరంత పసుపు. డబ్బామూతలో కలుపుతుంటే చెయ్యి దానంతటదే ఆగింది. అదీ రంగు. షాపులో సైరను కూత, సఫేదా వాసన, మేస్త్రీ అని పిలిచే కేకలు, అన్నీ ఆ మూతలోనే ఉన్నాయి. గురువారం ప్రైమరు వేశాడు. బాల్కనీలో ఎండబెట్టాడు. శుక్రవారం ఆకుపచ్చ, మీగడ రంగు. శాస్త్రప్రకారం రెండేసి పూతలు. శనివారం పొద్దున పసుపు గీత, పెట్టె నంబరు, పైన వార్నిషు.

గీత దగ్గర మొదటిసారి చెమట పట్టింది. అసలు పెట్టెకు గీత లాగేటప్పుడు భుజం కదిలేది, నడుము కదిలేది, మనిషే నడిచేవాడు. ఇక్కడ కదలడానికేముంది? వేలు కదిపేసరికి పెట్టె అయిపోయింది. గీత ఒకచోట వానపాములా ఉబ్బింది, ఒకచోట తెగింది. సరిదిద్దబోతే ఇంకా లావైంది. నంబరులో ఎనిమిది కాస్తా మినపగింజంత మచ్చైంది. వార్నిషు వేస్తే అన్నీ సర్దుకుంటాయిలే అనుకున్నాడు. షాపులో కుర్ర పెయింటర్లు ఆ మాటంటే చెవి మెలేసేవాడు.

మధ్యాహ్నం దీపం కింద పెట్టి భూతద్దంలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

పలకకీ పలకకీ మధ్య ఉండాల్సిన గాడులు లేవు. రంగుకింద పూడుకుపోయాయి. కిటికీ మూలలు గుండ్రంగా తేలాయి. రెక్కలు గోడలో కలిసిపోయాయి. ఆకుపచ్చ ఆకుపచ్చగానే లేదు, బురదలోంచి లేచిన గేదెలా నల్లగా ఉంది. కొవ్వొత్తి కరిగి కారితే ఇలాగే ఉంటుంది. ఇదే పని షాపులో ఇంకొకడు చేసి ఉంటే, ఆ కుంచె వాడి చేతిలోంచి లాక్కుని, ఊడ్చుకో పొమ్మని చీపురు ఇచ్చేవాడు.

కూతురు వచ్చి చూసింది. కాసేపయ్యాక "దుమ్ము దులుపుతుంటే నా చేతిలోంచి రంగుడబ్బాలో పడిందని చెప్తాలే" అంది.

మేస్త్రికి ఆ మాట తియ్యగానే అనిపించింది. ఆ తియ్యదనానికి తనమీద తనకే రోత పుట్టింది. "వద్దు. నా చేతిపని నాదే. నేనే చెప్తాను" అన్నాడు.

ఆరింటికి వియ్యంకుడు వచ్చాడు. కాళ్లు కడుక్కుని కాఫీ తాగే దాకా ఆగి, మేస్త్రి పెట్టెను తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "మీ ఎనిమిదో పెట్టెకు నేను రంగేశానండీ. చెడింది" అన్నాడు.

వియ్యంకుడు భూతద్దం తీశాడు. మేస్త్రి తిట్లకోసం ఎదురుచూశాడు. తిడితే ఒకమాట తనూ అనొచ్చు. ఆయన తిట్టలేదు. లేచి మేడమీదకు నడిచాడు, మేస్త్రి వెనకే వెళ్లాడు. అల్మారాలోంచి ఒక అగ్గిపెట్టె తీసి, అందులోంచి గోరంత రంగుపెచ్చు పైకి తీశాడు. మూసేసిన షెడ్డులో కుళ్లుతున్న పాత పెట్టె మీంచి గీకి తెచ్చుకున్నాడట. దాన్ని మేస్త్రి పెట్టె పక్కన పెట్టాడు. రెండూ ఒకటే రంగు, వెంట్రుకవాసి తేడా లేదు.

"జ్ఞాపకం మీద కలిపారా?" అన్నాడు వియ్యంకుడు. "పళ్లడాక్టరుకు ఇది చూపించాలి. పరిశోధనలట!"

"అంటే నేను చెప్పిందే కదండీ రంగు?"

"మీరు చెప్పిందే. అందుకే చెడింది." ఆయన ఎనిమిదో పెట్టెను మిగతా ఏడింటి చివర నిలబెట్టాడు. "గుమ్మం అవతలికెళ్లి చూడండి. మీరు అసలు పెట్టెను ఎంత దూరంనుంచి చూసేవారు? మూరెడు. కుంచె పట్టుకుని. రైలంతా ఒక్క చూపులో ఆనాలంటే పొలాల అవతలనుంచి చూడాలి. అంత దూరంలో మధ్యన ఉన్న గాలి రంగును పలచన చేస్తుంది. ఇంత చిన్న పెట్టె అంటే, దూరంనుంచి కనపడే పెట్టె అన్నమాట. అందుకని తెలుపు కలిపి పలచన చెయ్యాలి. ఇంకోటి, మీరు వేసిన పూత అసలు పెట్టె లెక్కలో చూస్తే జానెడు మందం. గాడులు పూడక ఏంచేస్తాయి?"

మేస్త్రి గుమ్మంలోంచి చూశాడు. ఏడు పెట్టెలు ఏటి అవతల సాయంకాలం పోతున్న బండిలా ఉన్నాయి. ఎనిమిదోది ఆ వరసలో పన్ను ఊడిన సందులా ఉంది. ఈ పెద్దమనిషి చెప్పింది నిజం. బొమ్మల ఆఫీసరు చెప్పింది నిజం! గొంతులో పచ్చి వెలక్కాయ పడినట్టైంది. పైగా ఆయన మెత్తగా, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పాడు. దానికంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

అప్పుడు తీశాడు తన ఖజానా.

"చెక్కకు తుప్పు పడుతుందాండీ, బావగారూ?"

"చెక్కేంటి?"

"పెట్టెలండీ. టేకువి. నఖశిఖ పర్యంతం టేకు. కప్పు మీద గుడ్డ. మీ తుప్పు దేనికి పట్టిందా అని వచ్చిన రోజునుంచీ ఆలోచిస్తున్నాను."

వియ్యంకుడి మొహంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. "ఫొటోల్లో గోధుమరంగు ఉంది" అన్నాడు నీరసంగా. "లోపల చెక్క, పైన రేకు అనుకున్నాను."

"అది బ్రేకులు అరిగి లేచే దుమ్ము. అడుగునే ఉంటుంది. కిటికీల దాకా ఎగబాకదు."

ఆయన ఏడు పెట్టెల వంకా చూశాడు. ఏడు నెలల పని. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మొదటిరోజే తెలుసా మీకు?"

"తెలుసు."

"బాగుందన్నారు."

మేస్త్రి గుమ్మంమీది రంగుపెచ్చును గోటితో గీకాడు.

"మీ షాపులో కూడా ఇంతేనా? పక్కవాడి పని చెడిపోతుంటే చూస్తూ నవ్వుకునేవారా?" అన్నాడు వియ్యంకుడు. గొంతు పెంచలేదు. దీపం ఆర్పి కిందికెళ్లిపోయాడు.

రెండురోజులు ఇద్దరిమధ్యా మాటల్లేవు. "బావగారికి ఇంకాస్త కూర వెయ్యమ్మా", "మామయ్యగారికి పేపరు ఇవ్వు" అంటూ కూతురి మీదుగానే నడిచింది సంసారం. చుక్కలు వేసేటప్పుడు కూడా మేస్త్రి నోరు విప్పలేదు.

"చమత్కారాలు అయిపోయాయా?" అంది భార్య కళ్లు మూసుకునే.

"షాపులో నేనలా చేసేవాణ్ణా?" అన్నాడు మేస్త్రి. "చెడ్డపని చూస్తే మీదపడి తిట్టేవాణ్ణి. తిట్టి, పక్కన నిలబడి దిద్దించేవాణ్ణి. అవునా కాదా?"

"నన్నడుగుతారేం? పైన మనిషి ఉన్నారుగా."

మూడోనాడు పొద్దున మేడమీంచి గరగరమని చప్పుడు వచ్చింది. వియ్యంకుడు పాత పళ్లకుంచెతో ఏదో రుద్దుతున్నాడు. మేస్త్రి వెళ్లి చూస్తే, పెట్టెలన్నీ గిన్నెలో ఏదో ద్రావకంలో నానుతున్నాయి. నాలుగు అప్పటికే బోడిగా తేలాయి. కప్పు తెచ్చిన తుప్పంతా గిన్నె అడుగున మడ్డిలా పేరుకుంది. ఆయన తలెత్తలేదు.

మేస్త్రి ఒక్క నిమిషం నిలబడ్డాడు. తర్వాత మోకాళ్లు వంచి, నేలమీద చేతులు ఆనించి, మూలుగుతూ బల్ల కిందనుంచి పాకి అవతల తేలాడు. తేలేటప్పుడు తల ఠప్పున కొట్టుకుంది.

"అలా రుద్దితే రెక్కలు ఊడిపోతాయి" అన్నాడు నెత్తి తడుముకుంటూ. "గాడి వెంట రుద్దాలి, అడ్డంగా కాదు. నలభైఏళ్లు పాలసీలు రాసినవాడికి ఆమాత్రం తెలియదా?"

"పెట్టెను కొవ్వొత్తి చేసినవాడు నాకు చెప్తున్నాడు" అన్నాడు వియ్యంకుడు. పళ్లకుంచె మాత్రం అందించాడు.

ఆ తర్వాత పదిరోజులు వాళ్లిద్దరూ పోట్లాడుకున్నంతగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పోట్లాడుకోలేదని కూతురు అంటుంది. ఆకుపచ్చలో తెలుపు ఎంత కలపాలన్న దాని మీదే ఒక పూటంతా గడిచింది. మేస్త్రి చుక్క అంటే వియ్యంకుడు చెంచా అంటాడు. రంగును పొగలా చిమ్మే సన్నగొట్టం వియ్యంకుడే పట్టుకున్నాడు. దాన్ని మేస్త్రి దోమలమందు అనేవాడు. పసుపు గీతను ఆయన డ్రాయింగు పెన్నుతో, బద్ద ఆనించి గీశాడు. "బద్ద! సిగ్గులేదూ?" అన్నాడు మేస్త్రి. గీత మాత్రం వెంట్రుకలా వచ్చింది. మేస్త్రి దాన్ని భూతద్దంలో మూడుసార్లు చూసి, ఏ వంకా దొరక్క, దీపం సరిగా లేదన్నాడు.

తుప్పు పోయిన చోట ఏముండాలన్నది మేస్త్రి వంతు. అక్కడ మాత్రం వియ్యంకుడు స్కూలు పిల్లాడిలా పక్కన కూర్చున్నాడు. ఇంజను వైపు కప్పు నల్లబడుతుంది, వెనక వైపు కాదు. తలుపు ఎడమ పక్కన, భుజమెత్తున, మట్టిచేతుల జిడ్డు ఉంటుంది. సంచీ కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో తలుపుచట్రం పట్టుకుని ఎక్కుతారు జనం. మూడో తరగతికి అది ఎక్కువ, మొదటి తరగతికి ఉండీ లేనట్టు. మరుగుదొడ్డి కింద తెల్లని నీటిచార. కిటికీ కింద కిళ్లీ మరకలు పెట్టాలా అని వియ్యంకుడు అడిగితే, "నా పెట్టెమీద ఉమ్మినవాణ్ణి నేను బతకనిచ్చానా?" అన్నాడు. ఆ జిడ్డు పెట్టడానికి మేస్త్రి కుంచె వాడలేదు. దీపం మసిలో చుక్క నూనె వేసి, అగ్గిపుల్ల కొసను నమిలి మెత్తచేసి, దాంతో అద్దాడు. అది అద్దుతున్నప్పుడు అతని చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. వియ్యంకుడు ఊపిరి బిగపట్టి చూసి, "ఊఁ" అన్నాడు. అంతకుమించి పొగడ్త ఇద్దరి నోటా ఆ పదిరోజుల్లో రాలేదు.

ఎనిమిది పెట్టెలూ పూర్తయిన మర్నాడు భార్యకు నల్లద్దాలు తీసెయ్యొచ్చని డాక్టరమ్మ చెప్పింది. మొగుడూ పెళ్లాలు బస్సెక్కి తమ ఊరు చేరారు. ప్రదర్శన ఇంకా వారం ఉంది. మేస్త్రి ఆ వారమంతా దాని ఊసెత్తలేదు. ఫోను మాత్రం స్నానాలగది కిటికీలో పెట్టుకుని స్నానం చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలదగ్గర కూర్చోగానే మోగింది.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి. పలకరింపులు లేవు.

"పదకొండుమందిలో తొమ్మిదో స్థానం" అన్నాడు వియ్యంకుడు.

"తొమ్మిదా!"

"కాగితం మీద రాసిచ్చారు. చదువుతాను వినండి. 'పనితనం శుభ్రంగా ఉంది. కాని పెట్టెలు పాతబడిన భావన కలగలేదు. ఎక్కడా తుప్పు చూపించలేదు.'"

మేస్త్రి కంచంలోంచి చెయ్యి తీసేశాడు. "చెక్క అని చెప్పలేదా వాళ్లకి?"

"చెప్పాను. న్యాయనిర్ణేత ఒకడు, ఇరవైఏళ్లుగా చూస్తున్నాను నాకు తెలియదా అన్నాడు. ఏ ఊళ్లో చూశాడో, టేకుకి తుప్పు! ఇంకా అయిపోలేదు. కప్పు ఎవడికొచ్చిందో అడగండి."

"ఎవడికి?"

"పళ్లడాక్టరుకి. నా పాత పెట్టెల ఫొటోలు పెట్టుకుని కాపీ కొట్టాడు. చక్రాల దగ్గరనుంచి పైకప్పుదాకా తుప్పే. చెక్కమెట్లకు తుప్పు. కిటికీ అద్దానికి కూడా కాస్త పట్టించాడు బావగారూ, నా కళ్లతో చూశాను."

"అద్దానికా!" మేస్త్రి కేకకు వాకిట్లో పిచుకలు లేచిపోయాయి.

ఆ తర్వాత గంటంబావు వాళ్లు మాట్లాడుకున్నారు. న్యాయనిర్ణేతల పుట్టుపూర్వోత్తరాలు, పళ్లడాక్టరు కట్టుడుపళ్లు, పేరు తెలియని మూడో జడ్జీ మీసం, అన్నీ ఏకరువు పెట్టారు. ఒకడు ఆపితే ఒకడు అందుకున్నాడు. మేస్త్రి "గాడిదలు" అంటే వియ్యంకుడు "గాడిదలు బరువన్నా మోస్తాయి" అన్నాడు. ఆ మాటకు మేస్త్రి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ఇంతమంచి మాట ఆ మనిషి నోట వస్తుందని అతను ఏనాడూ అనుకోలేదు.

భార్య తన అన్నం తినేసి, అతని కంచం మీద మూతపెట్టి, గిన్నెలు కడిగి వచ్చింది. అతనింకా ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు.

పెట్టేశాక నేరుగా వెళ్లి చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"బస్టాండుకి. రేప్పొద్దున బస్సుకి టికెట్టు తెచ్చుకోవాలి."

"ఇప్పుడే కదా వచ్చాం! ఏం పనిమీద?"

"ప్రదర్శన ఇంకా నాలుగు రోజులుంటుందట. ఆ పళ్లడాక్టరు పెట్టెను నేను దగ్గరనుంచి చూడాలి" అన్నాడు మేస్త్రి చెప్పులు వేసుకుంటూ. "ఫోన్లో వింటే తనివి తీరలేదు."